బండికి నంబరుంది, ఆమెకు పేరేదీ?

ఆ అట్టపెట్టెలో రెండొందల పైచిలుకు ఫోటోలున్నాయి. ఒక్కటీ రంగుల్లో లేదు. మట్టి దుమ్ములో ఒరిగిపోతూ మలుపు తిరుగుతున్న కార్లు, చెక్క కంచెల మీదికి ఎగబడ్డ జనం, వెండి కప్పులు పట్టుకుని నవ్వుతున్న మగవాళ్ళు. వెనక తిప్పి చూస్తే చాలావాటి మీద ఏమీ లేదు. కొన్నిటి మీద పెన్సిల్‌తో ఒక నంబరు, ఒక మగవాడి పేరు. ఒకనాటి మెకానిక్ చనిపోతే ఆయన పిల్లలు ఆ పెట్టెని మా పక్క ఊరి గ్రంథాలయంలోని చరిత్ర విభాగానికి ఇచ్చి వెళ్ళారు. అది నా చేతికొచ్చింది.

తెలుగు స్త్రీల ఆత్మకథల మీద పీహెచ్‌డీ చేసినదానికి నార్త్ కరోలినాలో కార్ల పందేల ఫోటోలతో పనేమిటని మీరడగొచ్చు. నన్ను నేనూ అడుక్కున్నాను. మేముండే కారీ ఊళ్ళో తెలుగువాళ్ళకి కొదవ లేదు. గుడి ఉంది, బతుకమ్మ ఆడతాం, ఉగాదికి కవిసమ్మేళనం కూడా పెట్టుకుంటాం. లేనిది నాకు ఉద్యోగం చేసే హక్కు. నా వీసా పేరు హెచ్-4. కాగితాల్లో నా హోదా ‘డిపెండెంట్’. ఈ వీసా మీద వచ్చిన భార్యల్లో కొందరికి 2015 నుంచి పని చేసుకునే అనుమతి ఇస్తున్నారు గానీ, దానికి భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటి ఉండాలి. మాది అప్పటికి దాటలేదు. జీతం తీసుకోకూడదు, స్వచ్ఛందంగా సేవ చేయొచ్చు. అలా వారానికి రెండు రోజులు ఆ గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఫోటో ఎక్కడిది, ఎప్పటిది, అందులో ఎవరున్నారు అనేది కనిపెట్టి కార్డు మీద రాయడం నా పని.

మొదటి నెలంతా ఆ ఫోటోల్ని ఎలా చదవాలో నేర్చుకోవడంతోనే సరిపోయింది. స్టాక్ కారంటే షోరూంలో అమ్మే మామూలు కారు. దాన్ని కొద్దిగా మార్చుకుని, లోపల ఇనప కమ్మీలు బిగించి, తలుపు మీద పెద్ద నంబరు రాయించుకుని పందెంలోకి దింపేవారు. కాబట్టి మొట్టమొదట చూడాల్సింది కారు మోడల్. ముందుభాగంలో జాలీ, దీపాల ఆకారం ఏటికేడూ మారేవి. 1940 ఫోర్డ్ కూపే కనిపిస్తే ఫోటో అంతకంటే ముందుది కాదని తెలుస్తుంది, ఎంత తర్వాతదో తెలియదు. ఎందుకంటే పాత కార్లని ఏళ్ళ తరబడి నడిపేవారు. అందుకని పందెం కారుని వదిలేసి, వెనక పార్కింగులో ఉన్న ప్రేక్షకుల కార్లను చూడాలి. వాటిలో అన్నిటికన్నా కొత్తది మనకి సాక్షి. తర్వాత ప్రింటు అంచు. రంపపు పళ్ళలా కత్తిరించిన అంచులు నలభైల్లో, యాభైల్లో ఫ్యాషన్. యాభైల చివరికొచ్చేసరికి తెల్లటి అంచు మీద నెలా సంవత్సరమూ అచ్చేయడం మామూలైంది. అయితే అది ప్రింటు వేసిన తేదీ మాత్రమే. ఫోటో తీసిన తేదీ అనుకుంటే బోల్తా పడతాం.

ఈ గుండ్రటి ట్రాకుల మీద కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. కుడికి తిరుగుతున్నట్టు కనిపిస్తే నెగెటివ్‌ని తిరగేసి ప్రింటు వేశారన్నమాట. ఇక్కడ కూడా ఒక తిరకాసుంది. మట్టి ట్రాకు మీద బండి జారుతూ మలుపు తిరుగుతుంది కాబట్టి దాన్ని అదుపులో పెట్టడానికి నడిపేవాళ్ళు ముందు చక్రాల్ని కుడికి తిప్పుతారు. చక్రాలను కాక అక్షరాలను నమ్మాలి.

ఇక ఎక్కడిదన్న సంగతి. ఒక్కో స్పీడ్‌వేకి ఒక్కో ఆనవాలు. అట్లాంటాలోని లేక్‌వుడ్ అయితే మైలు పొడవున్న మట్టి ట్రాకు మధ్యలో చెరువు కనిపిస్తుంది. డేటోనా పాత ట్రాకు అయితే ఒక పక్క తారురోడ్డు, ఇంకో పక్క సముద్రపు ఇసుక. హిల్స్‌బరోలోని ఆకొనీచీ అయితే చెట్లు, వెనకాల ఈనో నది ఒడ్డు. ఇలా గుర్తుపట్టడం మొదలయ్యాక నాకు వ్యసనంలా పట్టుకుంది. ఇంట్లో వంట చేస్తూ కూడా ఆ దీపస్తంభాలు ఏ ఊరివో ఆలోచించేదాన్ని.

*

ఆ పందేల చరిత్ర చదివినకొద్దీ అది నాటుసారా చరిత్రని తెలిసొచ్చింది. దక్షిణాది కొండల్లో దొంగసారా కాచి, పోలీసులకి చిక్కకుండా రాత్రిళ్ళు పట్నాలకి చేరవేసే కుర్రాళ్ళు తమ బండ్లకి పదును పెట్టుకున్నారు. ఎవరి బండి వేగమైనదో తేల్చుకోవడం కూడా పందేలకి ఒక మూలం. నాస్కార్ సంస్థ కొత్త మోడల్ కార్లతో మొట్టమొదటి పందెం షార్లెట్ ఊళ్ళో 1949 జూన్ 19న పెట్టింది. అందులో ముందుగా గీత దాటిన గ్లెన్ డునావే గెలుపు చెల్లదన్నారు. సారా రవాణాకి వాడే బండి కావడంతో దాని వెనక స్ప్రింగుల్ని నిబంధనలకి విరుద్ధంగా మార్చారన్నది కారణం. గెలుపు జిమ్ రోపర్‌కి దక్కింది. ఈ కథ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది.

అదే పందెంలో ఒక స్త్రీ ఉందన్న సంగతి మాత్రం చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యమే. ఆమె పేరు సారా క్రిస్టియన్. దొంగసారా బండ్ల ఆటలో మొదటి స్త్రీ పేరు సారా కావడం చూసి తెలుగుదాన్ని గనక నాకు నవ్వొచ్చింది. ఆమె 14వ స్థానంలో నిలిచింది. ఆ సెప్టెంబరులో లాంగ్‌హార్న్‌లో ఆరో స్థానం. అక్కడ గెలిచిన కర్టిస్ టర్నర్ ఆమెని విజేతల వేదిక మీదికి పిలిచాడు. అక్టోబరు 2న పిట్స్‌బర్గ్ దగ్గర హైడెల్‌బర్గ్ ట్రాకు మీద ఐదో స్థానం. నాస్కార్ అగ్రశ్రేణి పందేల్లో ఒక స్త్రీ అందుకున్న అత్యుత్తమ స్థానం ఇప్పటికీ అదే. 2013లో డేటోనా 500 పందేన్ని అందరికన్నా ముందు స్థానం నుంచి మొదలుపెట్టిన డానికా పాట్రిక్ కూడా దాన్ని దాటలేదు.

1949 జులై 10న డేటోనా ఇసుకలో ముగ్గురు స్త్రీలు పోటీ చేశారు. సారా క్రిస్టియన్, లూయీజ్ స్మిత్, ఎథెల్ మోబ్లీ. ఎథెల్ ముగ్గురు తమ్ముళ్ళు బాబ్, ఫాంటీ, టిమ్ ఫ్లాక్‌లు కూడా అదే పందెంలో ఉన్నారు. ఆమె 11వ స్థానంలో నిలిచి బాబ్‌నీ ఫాంటీనీ దాటేసింది. ఆమె గురించి ఒక ముచ్చటైన కథ చెబుతారు. తండ్రికి కార్ల పిచ్చి కాబట్టి ఇథైల్ పెట్రోలు పేరు మీదుగా కూతురికి ఆ పేరు పెట్టాడట. వినడానికి బాగానే ఉంది. కానీ ఎథెల్ పుట్టింది 1914లో. ఇథైల్ పెట్రోలు బజారులోకి వచ్చింది 1923లో. తొమ్మిదేళ్ళ తర్వాత పుట్టబోయే పెట్రోలు పేరు పిల్లకెలా పెడతారు? లెక్క చూసుకోకుండా ఆ కథని ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. తమ్ముళ్ళని ఓడించిన స్త్రీని గుర్తు పెట్టుకోవడానికి కూడా ఒక తండ్రి, ఒక పెట్రోలు బంకు కావాల్సొచ్చాయేమో అనిపించింది నాకు.

లూయీజ్ స్మిత్ కథ ఇంకోరకం. దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో ఉండేది. 1946లో మొదటిసారి పందెంలోకి దిగినప్పుడు ఆమెకి నిబంధనలేవీ తెలియవు. ఎర్ర జెండా చూపిస్తేనే ఆపమన్నారు. పందెం ముగిసినా, గళ్ళ జెండా ఊపినా, ఎర్ర జెండా ఎవరూ చూపించకపోయేసరికి తిరుగుతూనే ఉందట. మూడో స్థానం వచ్చింది. మరుసటేడు డేటోనాకి చూడటానికే వెళ్తున్నానని చెప్పి, భర్త కొత్త ఫోర్డు కారు తీసుకెళ్ళి, పందెంలో దిగి దాన్ని నుజ్జు చేసింది. ఇంటికొచ్చి కారు దారిలో పాడైందని బొంకింది. అప్పటికే నుజ్జయిన కారు ఫోటో వాళ్ళ ఊరి పత్రికలో అచ్చయిపోయింది! భర్త ఆ పేజీ తీసి చూపించాడు. 1956లో పందేలు మానేసేనాటికి ఆమె 38 గెలుపులు మూటగట్టుకుంది. 1999లో మోటారు క్రీడల అంతర్జాతీయ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన మొదటి స్త్రీ ఆమే. 2006లో చనిపోయింది.

*

పెట్టెలో ఉన్నవాటిల్లో నన్ను నిద్రపోనివ్వని ఫోటో ఒకటుంది. పొట్టి జుట్టు, చేతులు మడిచిన మగవాళ్ళ ఓవరాల్, చంకలో హెల్మెట్. ఒక చెయ్యి కారు తలుపు మీద. ముఖం నిండా దుమ్ము, కళ్ళద్దాలు పెట్టుకున్న మేర మాత్రం తెల్లగా. నవ్వడం లేదు. పెట్టెలోని మిగతా స్త్రీలంతా కప్పు అందించేవాళ్ళు, మెళ్ళో పట్టీతో నిలబడ్డ అందాల రాణులు, లేకపోతే మగవాడి భుజం కింద ఒదిగినవాళ్ళు. ఈమె ఒక్కతే కారుకి సొంతదారులా నిలబడింది.

ఫోటో ఇచ్చిన కుటుంబం అది లూయీజ్ స్మిత్ అని నమ్మకంగా చెప్పింది. వాళ్ళ నాన్న అలాగే చెప్పేవాడట. నాకూ అలాగే రాయాలనిపించింది. దాచడమెందుకు, చాలా గట్టిగా అనిపించింది. ఒక మరుగునపడ్డ అట్టపెట్టెలోంచి లూయీజ్ స్మిత్ ఫోటో బయటపడితే అది వార్త. పేరులేని డిపెండెంట్‌కి అది ఒక గుర్తింపు. అంచు మీద 1959 అని అచ్చయి ఉంది. అది ప్రింటు తేదీ కావచ్చుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

భూతద్దం పెట్టి వెనకాల పార్కింగు చూశాను. కంచె అవతల ఒక కారు తోకరెక్క కనిపిస్తోంది. రెండు రోజులు పాత కార్ల బొమ్మలతో పోల్చి చూశాను. 1957 షెవర్లే. ఆ మోడల్ అమ్మకానికి వచ్చిందే 1956 శరత్కాలంలో. అప్పటికి లూయీజ్ పందేలు మానేసింది. ఫోటోలో చెట్లు నిండుగా ఆకులతో ఉన్నాయి, జనం చేతుల్లేని చొక్కాల్లో ఉన్నారు. అంటే 1957 వేసవి, లేదా ఆ తర్వాత. ముక్కు, గడ్డం కూడా పోలిక లేవు. ఈమె లూయీజ్ స్మిత్ కాదు.

మరెవరు? తలుపు మీద నంబరుంది. ఆ ప్రాంతపు పాత పందెం జాబితాల్లో ఆ నంబరు వెతికితే ఒక మగవాడి పేరు దొరికింది. మా విభాగంలో ఒకాయన, మంచివాడే, “ఇంకేం, అతని భార్య అయ్యుంటుంది, అలా రాసెయ్యండి” అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఈ దేశంలో బ్యాంకు నుంచి డాక్టరు దాకా ప్రతి కాగితం మీదా నేనూ అంతే కదా.

*

అప్పుడే ఆవిడ వచ్చింది. ఎనభై దాటిన పెద్దావిడ. ఊళ్ళో పాతవాళ్ళెవరైనా వచ్చి ఫోటోలు గుర్తుపట్టండని నోటీసు పెడితే వచ్చినవాళ్ళలో ఆమె ఒకర్తె. మిగతావాళ్ళంతా మగవాళ్ళు. వాళ్ళు కార్లని గుర్తుపట్టారు, ఇంజన్లని గుర్తుపట్టారు, ఎవరు ఎవరిని గుద్దారో వాదులాడుకున్నారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళంతా వెళ్ళాక ఆ ఫోటో చేతిలోకి తీసుకుని, “ఇది ఆడవాళ్ళ పందెం రోజు” అంది.

వాటిని ‘పౌడర్ పఫ్’ పందేలనేవారు. ముఖానికి పౌడరు అద్దుకునే కుచ్చు పేరు. అసలు పందేల మధ్యలో జనానికి వినోదంగా డ్రైవర్ల భార్యల్నీ, అక్కచెల్లెళ్ళనీ మగవాళ్ళ కార్లలోనే కూచోబెట్టి నడిపించేవారు. అనౌన్సరు మైకులో జోకులేసేవాడట. “లిప్‌స్టిక్ సర్దుకోవడానికి ఆగిందేమో చూడండి” లాంటివి. “మేం మాత్రం నిజంగానే గెలవాలని నడిపేవాళ్ళం, అమ్మాయ్” అంది పెద్దావిడ.

నా చేతిలో కార్డు ఆగిపోయింది. నెలల తరబడి నేను నేర్చుకున్న విద్య అంతా నంబరు మీద నిలబడింది. నంబరు దొరికితే మనిషి దొరుకుతాడని. కానీ ఆ రోజు ఆ ట్రాకు మీద ఉన్న ప్రతి నంబరూ ఒక మగవాడిది. కారు అతనిది, నంబరు అతనిది, చివరికి చరిత్రలో పేరూ అతనిదే. ఆమె భార్య అయ్యుండొచ్చు, చెల్లెలు కావొచ్చు, పక్కింటావిడ కావొచ్చు, ఎవరి కారో ఒక్కరోజుకి అరువు తీసుకున్నదీ కావొచ్చు. మన పద్ధతే ఆమెని చెరిపేసేలా తయారై ఉందని నాకప్పుడు అర్థమైంది.

“మిగతా రోజుల్లో మీరేం చేసేవారు?” అనడిగాను.

“లెక్క రాసేదాన్ని” అందావిడ. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో చేత్తో రాయాలి. బండి ముందునుంచి వెళ్ళిన ప్రతిసారీ కార్డు మీద గుర్తు పెట్టాలి. రెప్ప వాలిస్తే ఒక చుట్టు పోతుంది. ఆ పని ఎక్కువగా భార్యలకి, చెల్లెళ్ళకి అప్పగించేవారు. గెలిచింది ఎవరో తేల్చేది ఆడవాళ్ళ పెన్సిలే. కానీ కార్లు నిలిపే పిట్‌లోకి మాత్రం చాలాచోట్ల ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. ఆడది అడుగు పెడితే అశుభం అనేవారట. ఇండియానాపోలిస్ లాంటి పేరుమోసిన ట్రాకులో 1971 దాకా ఆడ విలేకరులకి కూడా గ్యారేజీల్లో ప్రవేశం లేదు. 1976లో జానెట్ గత్రీ షార్లెట్ 600 మైళ్ళ పందెం నడిపి 15వ స్థానంలో నిలిచేదాకా ఆ ప్రపంచానికి ఆడవాళ్ళు డ్రైవర్లుగా మళ్ళీ కొత్తగానే కనిపించారు. 1949 సంగతి అప్పటికే మర్చిపోయారు.

అశుభం అన్న మాట మనకి అనువదించి చెప్పక్కర్లేదు.

ఫోటోలోని ఆమె పేరు పెద్దావిడకి కూడా గుర్తు రాలేదు. “హెల్మెట్ ఆమెది కాదు, పెద్దదైపోయి లోపల చేతిరుమాలు కుక్కుకుంది” అంది. “రెండో స్థానం వచ్చింది. అది నేనే రాశాను.” అంతవరకే.

*

ఆ ఆదివారం హిల్స్‌బరో వెళ్ళాను. మా ఇంటి నుంచి ముప్పావుగంట కూడా లేదు. ఆకొనీచీ స్పీడ్‌వే 1968లో మూతపడింది. ఆదివారాలు పందేలు పెడుతున్నారని ఊళ్ళోని చర్చివాళ్ళు చాలాకాలం పోరాడారు. ఇప్పుడది నడకదారి. మైలుకి కాస్త తక్కువుండే ఆ అండాకారం మధ్యలో మాను కట్టిన చెట్లున్నాయి. కాంక్రీటు మెట్లు నాచుపట్టి ఉన్నాయి. 2002లో దీన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.

ఆ మెట్ల మీద కూచుని నాకు ఇంకో సంగతి తోచింది. పెట్టెలోని రెండొందల ఫోటోల్లో నల్లవాళ్ళు పట్టుమని పదిమంది కనిపించరు. స్టాండ్లలో కాన్ఫెడరేట్ జెండాలు మాత్రం కనిపిస్తాయి. నాస్కార్ వాటిని నిషేధించింది 2020 జూన్‌లో. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవరు గెలిచినప్పుడు గెలుపుని మొదట మరొకరికి ప్రకటించారు. కొన్ని గంటల తర్వాత, జనం వెళ్ళిపోయాక, లెక్క తప్పిందని ఒప్పుకున్నారు. విజేతని ముద్దుపెట్టుకునే తెల్ల అందాల రాణి పక్కన తనని నిలబెట్టడం ఇష్టంలేకే అలా చేశారని స్కాట్ నమ్మాడు. ఆయన కుటుంబానికి ఆ ట్రోఫీ అందింది 2021లో. ఆయన చనిపోయి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. విజేతల వేదిక మీద ఆయన ఫోటో లేదు, ఉండే అవకాశమే లేదు. పేరులేని ఆ తెల్లామెకి ఒక ఫోటో అయినా మిగిలింది. ఆ కప్పు అందించే అమ్మాయి ముఖాన్ని అడ్డుపెట్టుకుని ఒక మనిషి గెలుపుని దాచారు. ఆమెని అడిగి ఉండరు. ఇవన్నీ కలిపి చూడకపోతే నేను రాసేది సగం చరిత్రే.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ప్రకాశం జిల్లాలో మా తాతయ్య ఎడ్ల బండలాగుడు పందేల్లో పేరున్నవాడు. ఇంట్లో ఒకే ఒక్క ఫోటో ఉంది. గెలిచిన ఎడ్లజత, పక్కన తాతయ్య, అంచున సగం కోసేసినట్టు అమ్మమ్మ. వెనకాల తాతయ్య దస్తూరీలో తిరునాళ్ళ పేరు, రెండు ఎడ్ల పేర్లు రాసున్నాయి. అమ్మమ్మ పేరు లేదు. ఆ ఎడ్లకి ఉలవలు ఉడకేసి పెట్టింది ఆవిడే. పీహెచ్‌డీ అయిదేళ్ళూ ఆడవాళ్ళ చరిత్ర రాసిన నేను ఇంట్లో ఆ ఫోటో వెనక ఒక్క పేరు చేర్చలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, కూచుని, వాళ్ళ నోటినుంచి విన్నారు. ఆ పుస్తకాన్ని నేను పాఠంగా చెప్పాను. ఇంట్లో అమ్మమ్మని అడగలేదు. ఇప్పుడావిడ లేదు.

మనకి వీరనారీమణులు కావాలి, కాదనను. సారా క్రిస్టియన్, లూయీజ్ స్మిత్ లేకపోతే ఈ ఆటలో ఆడవాళ్ళున్నారని ఎవరూ నమ్మరు. కానీ పేరులేని ప్రతి స్త్రీకీ పేరున్న స్త్రీ ముఖం తగిలిస్తే ఇద్దరికీ అన్యాయమే. ఒకరికి తాను చేయని పని అంటగడతాం. ఇంకొకరు చేసిన పనిని లాక్కుంటాం. ‘ఫలానావాడి భార్య’ అని చెరిపేయడానికీ దీనికీ ఫలితంలో పెద్ద తేడా లేదు.

మంగళవారం గ్రంథాలయానికి వెళ్ళి కార్డు పూర్తి చేశాను. “డ్రైవరు, స్త్రీ. పేరు తెలియలేదు. 1957–59 మధ్య వేసవి. ఆడవాళ్ళ పందెంలో రెండో స్థానం: నాటి లెక్కల రాతగత్తె మౌఖిక సాక్ష్యం. లూయీజ్ స్మిత్ కాదు.” నంబరు కింద, కారు సొంతదారు గడిలో, ఆ మగవాడి పేరు రాశాను. అది అతని కారే. లెక్క రాసిన పెద్దావిడ పేరు ఆమె అనుమతితో సాక్షి గడిలో పెట్టాను. తన పేరు అలా అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారని ఆవిడ చెప్పింది.

కింద ‘గుర్తించినవారు’ అని ఒక చిన్న గడి ఉంటుంది. స్వచ్ఛంద సేవకులు సాధారణంగా దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నా పేరు పూర్తిగా, పుట్టింటి ఇంటిపేరుతో సహా రాశాను. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, తాతయ్య ఎడ్ల ఫోటో గోడమీంచి దించి వెనకాల అమ్మమ్మ పేరు రాయమన్నాను. “పెన్సిల్‌తోనా, పెన్నుతోనా?” అనడిగింది అమ్మ.

పెన్సిల్‌తోనే రాయమన్నాను. పెన్ను సిరా ముందువైపుకి ఊరుతుంది.